అంటుతో నిలిచిన ఆపిల్

మన బడిపిల్లలు ఆపిల్ తిని గింజలు కుండీలో గుచ్చడం చూస్తూనే ఉంటాం. గింజ మొలిచినా తల్లిచెట్టు కాసిన పండే మళ్లీ కాయదు. ఎందుకో చెప్పడానికి ఒక కథ ఉంది.

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకూ పడిపోతుంది. 1853లో అక్కడి మిన్నెటాంకా సరస్సు ఒడ్డున స్థిరపడిన పీటర్ గిడియన్ ఏళ్ల తరబడి ఆపిల్ మొక్కలు నాటాడు. దాదాపు అన్నీ చలికి చచ్చిపోయాయి. చేతిలో మిగిలిన 8 డాలర్లతో చలికోటు కొనుక్కోలేదు. గింజలకూ అంటుకొమ్మలకూ మెయిన్ రాష్ట్రానికి పంపేశాడు. పాత బట్టలే అతికి కుట్టుకున్నాడు. ఆ గింజల్లో ఒకటి చలికి తట్టుకుని కాసింది. దానికి భార్య పేరే పెట్టాడు: వెల్తీ.

దాని సంతానమే హారల్సన్. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1922లో రైతులకు అందించింది. అక్టోబరు నాటికి కోతకొస్తుంది. గట్టి పండు, పులుపు ఎక్కువ. చల్లని నేలమాళిగలో దాస్తే నెలల తరబడి చెడదు.

ఈ రకం గింజతో రాదు, అంటుతోనే వస్తుంది. చలికి ఓర్చే వేరుమొక్కపై హారల్సన్ కొమ్మ కడతారు. వేరు ఒకటి, పండు ఒకటి. రెండూ బతకాలంటే కట్టు సరిగా పడాలి.

తరాల కిందట ఊరు దాటివచ్చి, ఇక్కడి భాషతో పాటు తెలుగూ నేర్పుతున్న మనకు ఈ పాఠం కొత్తేమీ కాదు. మామిడి అంట్లు కట్టే తోటమాలిని ఒక పూట బడికి పిలుద్దాం. కట్టు ఎలా కడతారో పిల్లలు దగ్గరుండి చూస్తారు.