మూర్ఛను ఆపింది తాళాలగుత్తేనా?

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఒకాయన మూర్ఛ వచ్చి పడిపోయాడనుకోండి. "చేతిలో తాళాలు పెట్టండి!" అంటారెవరో. పెడతారు. కాసేపటికి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగుతుంది. మరి ఆపింది ఇనుమేనా?

మెదడులోని కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్ సంకేతాలు పంపడమే ఈ మూర్ఛ. మనిషి మెదడులోని విద్యుత్తును 1924లో తొలిసారి నమోదు చేసినవాడు జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్. మూర్ఛ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే తగ్గుతుంది. తాళాలు పెట్టకపోయినా తగ్గేదే!

మీరైతే ఏం చేయాలి? రోగిని మెల్లగా పక్కకు తిప్పండి. అదిమి పట్టకండి. నోట్లో ఏమీ పెట్టకండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి.

ఇకపై ఏ చిట్కా విన్నా, ఫోనులో చదివినా, ముందు ఇలా అడగండి: "అది చేయకపోతే ఏమయ్యేది?"