ఎర్రగా కనిపించే ఏటిగట్టు

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి పక్కగా పారి పులికాట్ సరస్సులో కలిసే కాళంగి చిన్న నది. ఇలాంటి ఏటి బాగోగులు నీటిలో ఎంత ఉంటాయో గట్టు మీదా అంతే ఉంటాయి. గట్టున చెట్టుంటే నీటికి నీడ, మట్టికి పట్టు. రాలిన ఆకు పురుగులకు తిండి, ఆ పురుగులు చేపలకు తిండి. బురదలో, ముళ్లకంపల్లో నడుస్తూ ఇదంతా కొలవాలంటే రోజులు పడతాయి. విమానం నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీయడానికి కొన్ని గంటలు చాలు.

ఈ ఫొటో కిటుకంతా ఆకులోనే ఉంది. పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఆహార తయారీకి పీల్చుకుని, ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. కంటికి కనిపించే పచ్చదనం ఆ మిగులే. ఎరుపుకు అవతల, 0.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దాటాక, పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి మొదలవుతుంది. అది ఆకుకు అక్కరలేదు. ఆకు లోపలి కణాలకూ వాటి మధ్య గాలి గదులకూ తగిలి చెదిరి, దాదాపు సగం వెనక్కి వచ్చేస్తుంది. నీరు ఇందుకు సరిగ్గా విరుద్ధం. పరారుణాన్ని మింగేస్తుంది.

కంటికి కనపడని ఆ కాంతికి రంగు ఇవ్వడమే ఈ ఫొటోలకు వాడిన ఫిల్మ్ చేసిన పని. లెన్సు ముందు పసుపు వడపోత నీలాన్ని ఆపేస్తుంది. ఇక ఫిల్మ్‌లోని మూడు పొరలూ రంగులను ఒక్కో మెట్టు జరుపుతాయి. ఆకుపచ్చ కాంతి నీలంగా, ఎర్ర కాంతి ఆకుపచ్చగా, పరారుణం ఎరుపుగా అచ్చవుతాయి. దాంతో ఏపుగా ఉన్న చెట్టు ఎర్రగా వెలుగుతుంది. తేట నీరు నల్లగా, బురద నీరు లేత నీలంగా కనిపిస్తాయి. నలుపూ ఎరుపూ కలిసేచోట ఏటి అంచు గీత గీసినట్టు తేలుతుంది. ఎరుపు పట్టీ వెడల్పు కొలిస్తే గట్టు మీది పచ్చదనం కొలిచినట్టే. ఎరుపు వెలిసిన చోట మొక్క నీరసించిందన్న అనుమానం కలుగుతుంది.

ఈ ఫిల్మ్ రెండో ప్రపంచయుద్ధ కాలం నాటిది. కొట్టిన కొమ్మలు కప్పినా, పచ్చ రంగు పూసినా శత్రువు స్థావరం బతికున్న ఆకులా ఎర్రబడదు. ఆ తేడాతో మరుగును పట్టేవారు. భారతదేశంలో 1970లో శాస్త్రవేత్త పిషారటి బృందం హెలికాప్టర్ నుంచి ఇదే పద్ధతిలో కేరళ కొబ్బరి తోటల వేరు తెగులును పరిశీలించింది. 1974-75లో అనంతపురం జిల్లా పంటల సర్వేకు వైమానిక ఫొటోలు వాడారు. 1974లోనే ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ హైదరాబాద్ కేంద్రంగా విమాన సర్వేలు నడిపింది.

ఉపగ్రహం ఉండగా విమానం ఎందుకన్నది సూళ్లూరుపేట పక్కనే పుట్టే ప్రశ్న. 2003లో శ్రీహరికోట నుంచి ఎగిరిన రిసోర్స్‌శాట్-1లోని మేటి కెమెరాకు నేల మీద 5.8 మీటర్లు ఒక్క చుక్కగా ఉండేది. పది మీటర్ల వాగు రెండు చుక్కల్లో అయిపోయేది. నీరు, ఇసుక, తుంగ ఒకే చుక్కలో కలిసిపోతే వేటినీ విడదీయలేం. 152 మిల్లీమీటర్ల లెన్సుతో 1,520 మీటర్ల ఎత్తున ఎగిరే విమానం తీసే ఫొటో 1:10,000 స్కేలులో వస్తుంది. అందులో పది మీటర్ల వాగు ఒక మిల్లీమీటరు. భూతద్దంతో దాని లోపలి తేడాలూ చూడవచ్చు. వరుస ఫొటోలు 60 శాతం మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా తీస్తే, జంటగా చూసినప్పుడు గట్టు ఎత్తు, చెట్టు ఎత్తు తెలుస్తాయి.

తర్వాత డిజిటల్ కెమెరాలు, ఉష్ణ కెమెరాలు వచ్చాయి. విమానం నుంచి పంపే లేజర్‌లో పరారుణ కిరణం నీటి పైనుంచీ, ఆకుపచ్చ కిరణం తేట నీటి అడుగునుంచీ తిరిగొస్తాయి. అవి తిరిగొచ్చిన సమయాల తేడాను బట్టి లోతు తెలుస్తుంది. 2015-16లో ఇస్రో విమానంలో ఎగిరిన నాసా పరికరం ఏవిరిస్-ఎన్‌జీ, కాంతిని 400కు పైగా పట్టీలుగా విడదీసింది.

అయినా తుంగ, జమ్ము, గుర్రపుడెక్క, సీమతుమ్మ అన్నీ ఎరుపులో ఛాయలే. ఏ ఛాయ ఏ మొక్కదో తేల్చడానికి ఎంచుకున్న కొన్ని చోట్ల గట్టు దిగి చూడాలి. అక్కడ సరిపోలిన గుర్తులతోనే మిగతా ఏటి పటాన్ని పూర్తి చేస్తారు.