వెండెల్ స్కాట్ గెలిచిన మట్టి పందెం

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. మనలో చాలామంది టీవీలో అయినా చూసి ఉంటారు. అవి పందెం కోసమే తయారైన బండ్లు. ఎంత డబ్బున్నా వాటిని కొనుక్కుని బజారుకు వెళ్ళలేం. అమెరికాలో ఇంకో రకం పందెం ఉంది. దాన్ని స్టాక్ కార్ పందెం అంటారు. స్టాక్ అంటే దుకాణంలో అమ్మకానికి ఉన్న సరుకు. షోరూములో మామూలు జనం కొనే కారునే తెచ్చి, లోపల సీట్లు పీకేసి, బోల్తా పడినా డ్రైవరు నలగకుండా ఇనుప గొట్టాలు బిగించి, తలుపులు తెరుచుకోకుండా కట్టేసి పరుగెత్తించేవారు. అలాంటి ఒక పందెం 1963 డిసెంబరు 1న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ పట్టణంలో జరిగింది. దాని ఫలితం గురించి మన హాస్టల్ విద్యార్థులు తెలుసుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ ఆట పుట్టుకలో సారాకు పెద్ద పాత్ర ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొండల్లో, అడవుల్లో పన్ను ఎగ్గొట్టి సారా కాచేవారు. దాన్ని రాత్రిపూట పట్టణాలకు చేర్చే కుర్రాళ్ళు పోలీసులకు దొరక్కుండా కార్లకు మరమ్మతులు చేసి వేగం పెంచుకునేవారు. వాళ్ళలో కొందరు పందేల్లోకి కూడా వచ్చారు. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన డేటోనా బీచ్‌లో నాస్కార్ అనే సంస్థ పెట్టి ఈ పందేలకు ఒక పద్ధతి తెచ్చాడు. 1949 జూన్ 19న షార్లట్‌లో ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద షోరూము కార్లతో వాళ్ళ మొదటి పెద్ద పందెం జరిగింది. గ్లెన్ డనవే ముందు వచ్చాడు. తీరా తనిఖీ చేస్తే ఆ కారు వెనక కమాన్లు సారా బండ్లకు మార్చినట్టు మార్చి ఉన్నాయి. ఆయన గెలుపు కొట్టేసి, వెనక వచ్చిన జిమ్ రోపర్‌ను విజేత అన్నారు. అంటే జెండా ఊపాక కూడా ఫలితం మారడం ఈ ఆటలో మొదటి రోజు నుంచీ ఉన్నదే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఆ రోజుల్లో చాలా ట్రాకులు మట్టివే. పందేనికి ముందు నీళ్ళు చల్లి, చదును చేసేవారు. పది ఇరవై చుట్లు తిరిగేసరికి తడి ఆరిపోయి దుమ్ము లేస్తుంది. వంద చుట్లయ్యేసరికి మలుపుల్లో గోతులు పడతాయి. డ్రైవరుకు ముందున్న అద్దం నిండా మట్టే. చుట్టూ తిరగడమంతా ఎడమవైపుకే. మలుపులోకి వేగంగా వెళ్ళగానే కారు వెనక భాగం బయటికి జారుతుంది. అప్పుడు డ్రైవరు స్టీరింగు కుడివైపు తిప్పి, యాక్సిలరేటరుతో ఆ జారుడును అదుపులో ఉంచుకుంటూ కారును అడ్డంగానే మలుపు దాటిస్తాడు. వానాకాలంలో రేగడి బాట మీద ట్రాక్టరు జారడం చూసినవాళ్ళు దీన్ని ఊహించుకోగలరు. తారు ట్రాక్ మీద బలమైన ఇంజనున్నవాడిదే రాజ్యం. గోతుల మట్టి మీద మాత్రం బండిని విరగకుండా చివరిదాకా తెచ్చేవాడికీ అవకాశం ఉండేది. కంపెనీల అండ లేనివాళ్ళకు ఆ మట్టే కాస్త దిక్కు.

ఇక చుట్లు లెక్కపెట్టడం. ఇప్పుడైతే కారులోని యంత్రమే గీత దాటిన ప్రతిసారీ కంప్యూటరుకు చెబుతుంది. అప్పుడు అంతా చేతి లెక్కే. ఒక్కో కారుకు ఒక్కో మనిషి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుని, తన కారు దాటినప్పుడల్లా గడియారం చూసి టైము రాసేవాడు. అర మైలు ట్రాక్ మీద కార్లన్నీ కలగాపులగంగా తిరుగుతుంటాయి. ముందు కనబడే కారు నిజానికి రెండు చుట్లు వెనకబడి ఉండవచ్చు. కాబట్టి చూసేవాళ్ళకు ఎవరు ముందున్నారో కంటితో తేలదు. అనుమానం వస్తే ఆ కాగితాలన్నీ ముందేసుకుని సరిచూడాలి. మనలో రీకౌంటింగ్‌కు డబ్బు కట్టినవాళ్ళకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

వెండెల్ స్కాట్ 1921 ఆగస్టు 29న వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్‌లో పుట్టాడు. నల్లజాతివాడు. టాక్సీ నడిపాడు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు, తిరిగొచ్చి మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. సంసారం గడవక సారా కూడా తోలాడు, ఒకసారి పట్టుబడ్డాడు. 1952లో డాన్‌విల్‌లో పందేలు నిర్వహించేవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. ఒక నల్లజాతి డ్రైవరును దింపితే కొత్త జనం టిక్కెట్లు కొంటారని. అలాంటివాడు ఎవరున్నారని పోలీసులనే అడిగారు. మేము తరిమినా దొరకనివాడు ఒకడున్నాడని వాళ్ళు స్కాట్ పేరు చెప్పారు. అలా ఆయన రంగంలోకి దిగాడు. కొన్నిచోట్ల రంగు చూసి గేటు దగ్గరే వెనక్కి పంపారు. అయినా వదల్లేదు. 1961లో నాస్కార్ వారి పై తరగతి పందేల్లోకి వచ్చాడు. మెకానిక్ ఆయనే, డ్రైవరూ ఆయనే. కొడుకులే సహాయకులు. ఇతరులు వాడి వదిలేసిన సామాన్లతో బండి నడిపించాడు. దారిలో చాలా హోటళ్ళలో గది ఇవ్వరు, అన్నం పెట్టరు. మన ఊళ్ళ టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి పెద్దల నోట విన్నవాళ్ళకు ఇది వింతగా తోచదు.

ఆ 1963వ సంవత్సరం ఎలాంటిదో కూడా చెప్పాలి. ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించాడు. నవంబరు 22న కెన్నెడీ హత్య జరిగింది. అది జరిగిన తొమ్మిది రోజులకు ఈ పందెం. జాక్సన్‌విల్‌లోనే 1960 ఆగస్టులో, తెల్లవాళ్ళతో సమానంగా హోటల్ బల్లల దగ్గర కూర్చుని తింటామన్న నల్లజాతి యువకులను గొడ్డలి కర్రలతో కొట్టారు. జాతి వివక్షను నిషేధించే చట్టం 1964 జూలైలో గానీ రాలేదు.

పందెం అర మైలు మట్టి ట్రాక్ మీద 200 చుట్లు. మొత్తం 100 మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి వరంగల్లు దూరం కన్నా కాస్త ఎక్కువే. స్కాట్‌ది నెడ్ జారెట్ అనే డ్రైవరు దగ్గర కొన్న పాత షెవర్లే, నంబరు 34. ముందు నడుస్తున్నది రిచర్డ్ పెట్టీ, తర్వాతి కాలంలో మొత్తం 200 పందేలు గెలిచిన మనిషి. ఆయన బండి ఇబ్బంది పెట్టింది. ఇంకో 25 చుట్లు ఉన్నాయనగా స్కాట్ ఆయన్ను దాటేశాడు. 200 చుట్లు పూర్తి చేశాడు. గళ్ళ జెండా ఊపలేదు. సరే అని ఇంకా తిరిగాడు. మొత్తం 202 చుట్లు తిరిగాడు. జెండా మాత్రం బక్ బేకర్‌కు ఊపారు. 1956, 1957 సంవత్సరాల్లో ఛాంపియన్ అయినవాడు ఈ బేకర్. కప్పు ఆయనకిచ్చారు, ఫోటోలు ఆయనకు తీశారు.

స్కాట్ ఊరుకోలేదు, లెక్క చూడమన్నాడు. కాగితాలు సరిచూస్తే ఆయన బేకర్ కన్నా రెండు చుట్లు ముందున్నాడని తేలింది. తేలేసరికి సుమారు రెండు గంటలు పట్టింది. అప్పటికి జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు. కప్పూ వెళ్ళిపోయింది. స్కాట్‌కు మొదటి బహుమతి సొమ్ము 1,000 డాలర్లు ఇచ్చారు.

ఇది పొరపాటా, కావాలని చేసిందా? లెక్కలో తప్పు జరిగిందన్నారు అధికారులు. ఆ రోజుల్లో అలాంటి తప్పులు నిజంగానే జరిగేవి. 1959 జూన్‌లో అట్లాంటాలోని లేక్‌వుడ్ మట్టి ట్రాక్ మీద రిచర్డ్ పెట్టీ గెలిచాడని ప్రకటిస్తే, లెక్క తప్పని ఫిర్యాదు చేసింది స్వయంగా ఆయన తండ్రి లీ పెట్టీ! సరిచూసి తండ్రినే విజేతను చేశారు. కాబట్టి చేతి లెక్కను పూర్తిగా కొట్టిపారేయలేం. స్కాట్ మాత్రం చివరిదాకా నమ్మింది వేరు. గెలిచినవాడికి ఒక అందాల రాణి ముద్దుపెట్టడం అప్పటి ఆనవాయితీ. వేలమంది తెల్లవాళ్ళ ముందు ఒక తెల్లపిల్ల పక్కన నల్లవాడు కప్పు పట్టుకుని నిలబడటం వాళ్ళకు మింగుడుపడలేదని ఆయన అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తుంది. రెండు చుట్ల తేడా అంటే కొన్ని సెకన్ల తేడా కాదు. పైగా లెక్క తేలాక డబ్బు ఇవ్వగలిగారు గానీ, ఇంకో పందెంలో జనం ముందు పిలిచి అదే కప్పును ఆయన చేతికి ఇవ్వలేదు. అలా ఇవ్వడానికి ఏ లెక్కా అడ్డు రాదు. కొన్నాళ్ళ తర్వాత పేరు కూడా చెక్కని ఒక చిన్న కప్పు ఇచ్చారని ఆయన కుటుంబం చెబుతుంది.

ఆ తర్వాత స్కాట్ ఇంకా పదేళ్ళు నడిపాడు. 1966లో ఏడాది మొత్తం పాయింట్లలో 6వ స్థానం తెచ్చుకున్నాడు. 1973లో టల్లడేగాలో ఘోర ప్రమాదం జరిగి గాయపడ్డాక పందేలు దాదాపు మానేశాడు. మొత్తం 495 పై తరగతి పందేలు. అందులో 147 సార్లు మొదటి పదిమందిలో ఉన్నాడు. గెలుపు మాత్రం ఆ ఒక్కటే. ఆ తరగతిలో ఇంకో నల్లజాతి డ్రైవరు, బబ్బా వాలెస్, గెలవడానికి 2021 అక్టోబరు దాకా పట్టింది. మట్టి ట్రాకులు అంతకు చాలాముందే పోయాయి. 1970 సెప్టెంబరులో రాలీలో జరిగిన పందెం తర్వాత పై తరగతి వాళ్ళు అర్ధ శతాబ్దం పాటు మట్టి ముఖం చూడలేదు.

స్కాట్ 1990 డిసెంబరు 23న డాన్‌విల్‌లోనే చనిపోయాడు. 2015లో నాస్కార్ ఆయన్ను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి డ్రైవరు ఆయనే. 2021 ఆగస్టు 28న డేటోనా ట్రాక్ మీద జనం ముందు జాక్సన్‌విల్ పందెం కప్పును ఆయన కుటుంబానికి అందజేసింది. మర్నాడు ఆయన శతజయంతి.