గంటన్నరలో అవతలి గేటుకు

టికెట్టు మీద కనిపించే విరామం విమానయాన సంస్థ వేసుకున్న లెక్క. అమెరికా బయల్దేరిన అమ్మానాన్నలకు అది సరిపోతుందా అన్నది వేరే లెక్క

శంషాబాద్ నుంచి అమెరికా వెళ్లే తెలుగువారిలో దాదాపు అందరూ దారిలో ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టింది గానీ అది నిలదొక్కుకోలేదు. కాబట్టి దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, లేదంటే ఢిల్లీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఇంటర్నెట్‌లో టికెట్లు వెతికితే సాధారణంగా ముందు వరుసలో కనిపించేవి మొత్తం ప్రయాణం తక్కువ గంటల్లో ముగిసేవే. తక్కువ గంటలంటే మధ్యలో తక్కువ విరామం. పెద్దవాళ్లను ఆరు గంటలు విమానాశ్రయంలో కూర్చోబెట్టడం ఎందుకన్న ప్రేమతోనే అతను గంటన్నర విరామం ఉన్న టికెట్టు కొంటాడు.

గంటన్నర అతనికైతే చాలు. కానీ ప్రయాణం చేసేది మోకాళ్ల నొప్పులున్న తల్లి, ఇంగ్లీషు బోర్డులు నెమ్మదిగా చదువుకునే తండ్రి. ఆ సంగతి టికెట్లు అమ్మే కంప్యూటర్‌కు తెలియదు.

కంప్యూటర్‌కు తెలిసింది ఒక్కటే. ప్రతి విమానాశ్రయానికీ 'కనీస కనెక్టింగ్ సమయం' అని ఒకటుంటుంది. ఒక విమానం వచ్చాక మరో విమానం బయల్దేరడానికి కనీసం ఇన్ని నిమిషాల తేడా ఉండాలన్న నిబంధన అది. అంతకన్నా తక్కువ తేడా ఉంటే ఆ రెండు విమానాలనూ కలిపి ఒకే టికెట్టుగా అమ్మరు. వియన్నాలో ఈ సమయం అరగంట లోపే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ముప్పావుగంట. లండన్ హీత్రూలో ఐదో టెర్మినల్‌లో దిగి అక్కడే మరో విమానం ఎక్కితే గంట, మూడో టెర్మినల్ నుంచి ఐదుకు మారాలంటే గంటన్నర. విమానాశ్రయం, టెర్మినల్, విమాన సంస్థలను బట్టి ఈ అంకెలు మారుతుంటాయి. అన్నిటికీ మూలం ఒకే ఊహ: విమానం వేళకు వస్తుంది, ప్రయాణికుడు దారి తెలిసినవాడు, చకచకా నడుస్తాడు.

నిమిషాల లెక్క

గంటన్నర విరామం నిజానికి 90 నిమిషాలు కాదు. చాలా సంస్థలు విమానం బయల్దేరడానికి 15-20 నిమిషాల ముందే గేటు మూసేస్తాయి. అంటే మిగిలింది 70. పెద్ద విమానంలో వెనక వరుసల వాళ్లు బయటపడేసరికి మరో 20 నిమిషాలు పోతాయి. ఏ380 లాంటి విమానమైతే అందులో దాదాపు 500 మంది ఉంటారు. విమానం టెర్మినల్‌కు ఆనుకోకుండా దూరంగా ఆగితే బస్సెక్కాలి. దానికో పావుగంట. ఆ తర్వాత సెక్యూరిటీ తనిఖీ. హైదరాబాద్‌లో ఒకసారి జరిగిందిగా అంటే కుదరదు. గల్ఫ్‌లోనూ యూరప్‌లోనూ మళ్లీ బెల్టు విప్పాలి, బ్యాగు తెరవాలి. 2006 ఆగస్టులో లండన్‌లో విమానాల పేల్చివేత కుట్ర బయటపడినప్పటి నుంచి 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలపై నిషేధం చాలా విమానాశ్రయాల్లో పాతుకుపోయింది. చేతిసంచిలో నూనె తేలే ఆవకాయ సీసా ఉంటే అక్కడ పావుగంట వాదన ఖాయం. సీసా ఎలాగూ దక్కదు. ఇవన్నీ దాటాక మిగిలే పావుగంట, ఇరవై నిమిషాల్లో గేటు వెతుక్కుని నడవాలి. దుబాయ్, దోహాల్లో ఆ నడకే పది పదిహేను నిమిషాలు.

ఇదంతా మొదటి విమానం వేళకు వస్తేనే. మన దగ్గర్నుంచి పడమటికి వెళ్లే విమానాలకు ఎదురుగాలి. చలికాలంలో దాని ఉధృతి ఎక్కువ. డిసెంబర్, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు సంగతి చెప్పనక్కర్లేదు. 2019లో బాలాకోట్ దాడుల తర్వాత ఫిబ్రవరి చివర నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మీదుగా భారత్‌కు రాకపోకలను అడ్డుకుంది. 2025 ఏప్రిల్‌లో భారతీయ సంస్థల విమానాలకు మళ్లీ దారి మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టుదారి పట్టి, ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. టైంటేబుల్‌లో అరగంట తేడా వస్తే గంట విరామం మీద ఆశ వదులుకోవాల్సిందే.

విమానం ఎందుకు ఆగదు?

లోపల ఖాళీ సీట్లు కనిపిస్తుంటాయి, విమానం ఇంకా గేటు దగ్గరే ఉంటుంది, అయినా తలుపు తెరవరు. ప్రయాణికుడికి ఇది కర్కశంగా తోస్తుంది. సంస్థ కోణం వేరు. దుబాయ్, దోహా లాంటి కేంద్రాల్లో విమానాలు కెరటాల్లా వస్తాయి. కొద్ది గంటల్లో పదుల కొద్దీ విమానాలు దిగుతాయి, కొంత విరామం తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. హైదరాబాద్ నుంచి వచ్చినవారిని ఏకకాలంలో డల్లాస్‌కూ మాంచెస్టర్‌కూ మెల్‌బోర్న్‌కూ పంచగలగడం ఈ ఏర్పాటు వల్లే. ఒక విమానాన్ని 20 నిమిషాలు ఆపితే అవతలి ఊళ్లో కేటాయించిన దిగే వేళ దాటిపోవచ్చు, సిబ్బంది డ్యూటీ గంటల పరిమితి ముంచుకురావచ్చు, అందులోని వారి తర్వాతి కనెక్షన్లు తప్పొచ్చు. ఏ విమానాన్ని ఎంతసేపు ఆపితే మొత్తమ్మీద నష్టం తక్కువో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా సంస్థ యునైటెడ్ 2019లో ప్రవేశపెట్టింది. ఐదుగురి కోసం ఆగాలా, 300 మందిని వేళకు చేర్చాలా అన్నది ఇప్పుడు కొన్నిచోట్ల కంప్యూటరే తేలుస్తోంది.

సామానుదీ ఇదే కథ. భారతీయులకు ఇందులో ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1985 జూన్ 23న అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మందిని బలిగొన్న ఎయిర్ ఇండియా 'కనిష్క'లోకి బాంబు చేరింది ఒక కనెక్టింగ్ సామానుగానే. వాంకూవర్‌లో ఆ సూట్‌కేసు ఇచ్చిన వ్యక్తి విమానం ఎక్కనేలేదు. సూట్‌కేసు మాత్రం టొరంటోలో మారి ఎయిర్ ఇండియా విమానంలోకి వెళ్లింది. అటు తర్వాత, 1988 నాటి లాకర్‌బీ దుర్ఘటన తర్వాత, ప్రయాణికుడు ఎక్కకపోతే అతని సామానునూ దించేయాలన్న నిబంధన గట్టిపడింది. గేటు దగ్గర ఒక మనిషి కోసం చూస్తూ కూర్చుంటే, చివరికి అతను రాకపోతే, కింద సామాను వెతికి దించడానికి మరింత ఆలస్యం. అందుకే ముందుగానే తలుపు మూసేస్తారు.

మనిషి పరుగెత్తి విమానం అందుకున్నా పెట్టె అందుకోకపోవచ్చు. విమానయాన సాంకేతిక సంస్థ సీటా లెక్కల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు 6.9 పెట్టెలు దారితప్పడమో, ఆలస్యం కావడమో, దెబ్బతినడమో జరిగింది. ఆలస్యమైన వాటిలో 46 శాతానికి కారణం విమానం మారే చోట జరిగిన పొరపాట్లే. మందులు పెట్టెలో వేసి పంపే బీపీ, షుగర్ రోగులు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇది.

వీల్‌చైర్ చిక్కు

మన పెద్దవాళ్లు నడవగలిగినా వీల్‌చైర్ అడగడం మామూలే. అది కాళ్ల కోసం కన్నా దారి కోసం. ఇంగ్లీషు రానివారికి, ట్రాన్సిట్ అంటే ఏమిటో తెలియనివారికి వీల్‌చైర్ తోసే మనిషే దుబాసీ. ఏ గేటుకు వెళ్లాలో, ఏ కాగితం ఎక్కడ చూపాలో అతనే చూసుకుంటాడు. కానీ తక్కువ విరామంలో ఇదే ఎదురుతిరుగుతుంది. వీల్‌చైర్ అడిగినవారు సాధారణంగా అందరికన్నా చివర దిగుతారు. ఒకే విమానంలో పాతిక ముప్పై మంది అడిగితే వారికి సరిపడా సిబ్బంది వచ్చేదాకా వేచి ఉండాలి. అంటే ఎక్కువ వ్యవధి కావాల్సిన వారికే తక్కువ మిగులుతుంది. దారి చూపడమే అవసరమైతే వేరే మార్గాలున్నాయి. దుబాయ్‌లో మర్హబా, దోహాలో అల్ మహా వంటి సర్వీసులు డబ్బు తీసుకుని విమానం దగ్గరే కలుసుకుని తర్వాతి గేటు దాకా తీసుకెళ్తాయి.

అసలు పరీక్ష అమెరికాలో

చాలామంది మధ్య మజిలీ గురించే కంగారుపడతారు. నిజానికి కష్టమైనది అమెరికాలో మొదట దిగే ఊరు. కొద్దిపాటి మినహాయింపులు వదిలేస్తే, అక్కడ ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు బెల్టు మీంచి దించుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ పెట్టెలు అప్పగించి, మళ్లీ సెక్యూరిటీకి వెళ్లాలి. చికాగోలో దిగి రాలీ వెళ్లేవారికి అక్కడ రెండు గంటల విరామం కూడా ఇరుకే. హైదరాబాద్‌లో పెట్టెకు చివరి ఊరి ట్యాగ్ వేసినా సరే, దాన్ని మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాల్సిందేనని పెద్దవాళ్లకు ముందే చెప్పాలి.

ఇందులో అబుదాబిది ప్రత్యేక స్థానం. 2014 జనవరి నుంచి అక్కడ అమెరికా అధికారులే కూర్చుని ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు పూర్తిచేస్తున్నారు. అక్కడి నుంచి వెళ్లినవారు అమెరికాలో స్వదేశీ ప్రయాణికుల్లా దిగిపోతారు. అయితే ఆ తనిఖీకి పట్టే సమయం అబుదాబి విరామంలోంచే తీయాలి. అక్కడ గంటన్నర చాలదు.

తప్పితే ఎవరి పూచీ?

రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉన్నాయా అన్నదే కీలకం. ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తర్వాతి విమానంలో సీటు ఇచ్చి గమ్యం చేర్చే బాధ్యత సంస్థదే. భోజనం, హోటల్ సంగతి సంస్థ నిబంధనలను బట్టి ఉంటుంది. రెండు వేర్వేరు టికెట్లు చౌకగా వచ్చాయని కొంటే రెండో సంస్థ దృష్టిలో ఆ ప్రయాణికుడు కేవలం రానివాడు. టికెట్టు డబ్బు పోతుంది. పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలంటే ఆ దేశంలోకి వీసా కూడా కావాల్సి రావచ్చు.

యూరప్ మీదుగా వెళ్తే 600 యూరోల పరిహారం వస్తుందన్న ప్రచారం ఉంది. 2005 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన నిజమే. కానీ ఒకే బుకింగ్‌లో ప్రయాణం మొదలయ్యేదీ ముగిసేదీ యూనియన్ వెలుపలైతే అది వర్తించదని 2022 ఫిబ్రవరిలో అక్కడి న్యాయస్థానం తేల్చింది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా డల్లాస్ టికెట్టు సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. భారత్ 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం మాత్రం వర్తిస్తుంది. ఆలస్యం వల్ల నిజంగా జరిగిన నష్టాన్ని ఒక పరిమితి మేరకు రాబట్టుకోవచ్చు. అందుకు రసీదులు కావాలి. చేయగలిగిందంతా చేశామని సంస్థ రుజువు చేసుకుంటే అదీ రాదు.

ఒక్కోసారి ఎంత విరామం పెట్టుకున్నా లాభం ఉండదు. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో 75 ఏళ్లలో ఎన్నడూ కురవనంత వాన కురిసి విమానాశ్రయం నీట మునిగింది. 2025 మార్చి 21న విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటల వల్ల హీత్రూ మూతపడి, 2 లక్షల మందికి పైగా ఇబ్బందిపడ్డారు. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణుల దాడితో ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేయగా, దోహా రావాల్సిన విమానాలు పదుల సంఖ్యలో వేరే దేశాలకు మళ్లాయి. అలాంటి రోజున విరామం మూడు గంటలా, ఆరా అన్నది లెక్కలోకి రాదు. టికెట్టు ఒకటా, రెండా అన్నదే లెక్క.

కొనేముందు చూసుకోవాల్సినవి

* మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద, ఒకే బుకింగ్ నంబరుతో ఉండాలి.

* తొలిసారి వెళ్లే పెద్దవాళ్లకు మధ్య మజిలీలో మూడు గంటలు, అమెరికాలో మరో విమానం మారాలంటే కనీసం మూడు గంటలు ఉండేలా చూడాలి. పిల్లలుండే ఊరికి రెండు మూడు గంటల కారు ప్రయాణంలో నేరుగా దిగే వీలుంటే ఆ రెండో మార్పే మానేయొచ్చు.

* విమానం తప్పితే తర్వాతిది ఎప్పుడో ముందే చూడాలి. మూడు గంటల్లో మరొకటి ఉంటే తక్కువ విరామానికి సాహసించవచ్చు. మర్నాటి దాకా లేకపోతే వద్దు.

* మొదటి విమానంలో ముందు వరుస సీటుకు కాస్త ఎక్కువ ఇచ్చినా దండగ కాదు.

* మందులు, ఒక జత బట్టలు, ఫోన్ చార్జర్, పిల్లల చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం చేతిసంచిలో ఉండాలి. ఆవకాయ పెట్టెలోకి.

* విమానం తప్పిందని తెలిశాక గేటు దగ్గర వాదించే కన్నా ఆ సంస్థ ట్రాన్సిట్ కౌంటర్‌కు వెళ్లాలి. ఇక్కడున్న పిల్లలో, అక్కడున్న పిల్లలో అదే సమయంలో కాల్‌సెంటర్‌కు ఫోన్ చేస్తే క్యూలో ఉన్నవారికన్నా ముందే సీటు దొరకవచ్చు.