నిమ్మలకుంట బొమ్మ భుజం, జడ్-బఫర్ కథ

తోలుబొమ్మను స్కాన్ చేసి త్రీడీ యానిమేషన్‌లో ఆడించబోతే మొదట మొరాయించేది భుజమే. చేయి ఒక లేయర్, మొండెం ఒక లేయర్, రెండిటికీ ఒకటే లోతు. చేయి ఎత్తగానే అతుకు దగ్గర చారలు పుట్టి, ఫ్రేము ఫ్రేముకూ మారుతూ మిణుకుమంటాయి. ఆ తగవుకు మూలం జడ్-బఫర్.

త్రీడీ బొమ్మలో ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడానికి తొలిరోజుల్లో దూరపువాటిని ముందు గీసి, దగ్గరివాటిని వాటిమీద గీసేవారు. మూడు పలకలు వలయంగా ఒకదాన్నొకటి కప్పుకుంటే ఆ వరుస కుదరదు. పలకను కోయక తప్పదు. 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ క్యాట్‌మల్, అదే ఏడు బెర్లిన్‌లో వోల్ఫ్‌గాంగ్ స్ట్రాసర్ ఎవరికివారే వేరే దారి చూపారు. తెరమీది ప్రతి చుక్కకూ రంగుతోపాటు లోతునూ రాసిపెట్టుకోవాలి. కొత్తగా వచ్చింది అంతకంటే దగ్గరైతేనే పాతది చెరిపి రాయాలి. ఇదే జడ్-బఫర్, అంతే! కానీ మెమరీ బంగారంలా ఉన్న కాలమది. 512 అడ్డం, 512 నిలువు తెరకు చుక్కకు 3 బైట్ల చొప్పున లోతుకే 768 కిలోబైట్లు కావాలి. మెమరీ చవకయ్యాక ఈ పద్ధతి ప్రతి గ్రాఫిక్స్ కార్డులోకీ చేరింది.

దీని బలహీనత లెక్కలో ఉంది. లోతుకు ఆ 3 బైట్లు, అంటే 24 బిట్లు, ఇచ్చేది దాదాపు 1.68 కోట్ల మెట్లు. అవి దూరమంతా సమంగా పరుచుకోవు. కెమెరా కనిష్ఠ దూరం 1 సెంటీమీటరు పెడితే, 1 నుంచి 2 సెంటీమీటర్ల మధ్యే సగం మెట్లు ఖర్చైపోతాయి. 100 మీటర్ల దూరంలో ఒక్కో మెట్టు 6 సెంటీమీటర్లు! ఆ కనిష్ఠ దూరాన్ని 1 మీటరుకు జరిపితే మెట్టు అర మిల్లీమీటరు పైచిలుకుకు దిగుతుంది. మిణుకు కనిపిస్తే నేను ముందు చూడమనేది అదే. ఆ తర్వాత చేతిని వెంట్రుకవాసి ముందుకు జరపాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో మరో తంటా ఉంది: త్రీడీ లేయర్ల నడుమ ఒక్క టూడీ లేయర్ దూరినా పైవాటికీ కిందవాటికీ లోతు సంబంధం తెగిపోతుంది.

ఇంతా చేసినా తోలుబొమ్మ కుదురుకోదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును వెలుతురు దిగేంత పలచగా చేసి, నగల చోట చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. జడ్-బఫర్ చుక్కకు ఒక్క లోతునే గుర్తుంచుకుంటుంది. దానికి అడ్డొచ్చిందంతా గోడే. వెలుతురు దిగే తోలు దాని లెక్కలో లేదు. అందుకే ముందుగా గీసిన చేయి వెనకున్న మొండేన్ని మింగేస్తుంది. చిల్లుల్లో కూడా ఏమీ కనబడదు.

మందు బొమ్మలాటలోనే ఉంది. దీపం వెనక ఉంటుంది. వెలుతురు రెండు తోళ్లగుండా సాగి బట్టమీద పడుతుంది. ఒక్కో తోలు తన వంతు వెలుతురును ఆపుతుంది కాబట్టి అతుకు దగ్గర రంగు ముదురుతుంది. అంటే ఇది గుణకారం. ఏది ముందు గుణించినా ఫలితం ఒకటే. కాబట్టి బొమ్మ లేయర్లకు లోతు రాయడం ఆపేసి, బ్లెండింగును మల్టిప్లైకి మార్చి, వెనక తెల్లటి వెలుగుతెర పెట్టాలి. చిల్లుల్లో వెలుగు తెల్లగా దిగుతుంది, భుజం దగ్గర ఎరుపు ముదురుతుంది, లేయర్లను ఏ వరుసలో పేర్చినా బొమ్మ మారదు.