మీటు ఆరకముందే

తీగను మీటి వదిలేస్తే, నాదం పుట్టిన క్షణం నుంచే తరుగుతూ పోతుంది. గాయకుడి స్వరం ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. నాదస్వర విద్వాంసుడు బుగ్గల్లో గాలి పట్టి దాన్ని సాగదీస్తాడు. వయొలిన్‌కు కమాను ఉంది. గిటార్‌కు, మాండలిన్‌కు, అరబ్బుల ఊద్‌కు అలాంటి ఆధారమేదీ లేదు, మీటిన స్వరం చేజారడం వెంటనే మొదలవుతుంది. 1960ల తొలి ఏళ్లలో దక్షిణ కాలిఫోర్నియా తీరంలో ఊపందుకున్న సర్ఫ్ సంగీతాన్ని సాధారణంగా అలలతో, ఎండతో, సర్ఫ్‌బోర్డులతో ముడిపెట్టి చెబుతారు. అవన్నీ ఆ రికార్డుల అట్టల మీద ఉన్న మాట నిజమే. కానీ అరవై ఏళ్లు దాటినా ఆ గిటార్ మోత ఒంటిని పట్టుకుని ఊపేయడానికి కారణం అట్ట మీది బొమ్మ కాదు. మీటిన తీగకు పుట్టుకతో ఉన్న ఆ లోపంతో కొందరు కుర్రాళ్లు, ఒక గిటార్ల తయారీదారు చేసిన పెనుగులాటే అందులో మనకు వినిపిస్తోందని నా వాదన.

ఆ పెనుగులాటలో మొదట దిగింది చెయ్యి. ఆ చెయ్యి గిటారిస్టు డిక్ డేల్‌ది, అతని అసలు పేరు రిచర్డ్ మన్సూర్. 1937లో బోస్టన్‌లో పుట్టాడు, తండ్రి వైపు వాళ్లది లెబనాన్. ఇంట్లో పెద్దవాళ్లు వాయించే ఊద్‌ను, దర్బుకా అనే డప్పును వింటూ పెరిగాడు. ఎడమచేతి వాటం కావడంతో, కుడిచేతి వాళ్ల కోసం బిగించిన గిటార్‌ను తీగలు మార్చకుండానే తిప్పి పట్టుకునేవాడు. మామూలు వాటికంటే బాగా లావుపాటి తీగలు వేసి, పిక్‌తో కిందికీ పైకీ ఎడతెగకుండా కొట్టేవాడు. స్వరం తరిగేలోపు ఇంకో దెబ్బ, అది తరిగేలోపు మరోటి. ఊద్ వాయించేవాళ్లు తరతరాలుగా ఇదే చేస్తున్నారు. డేల్ దానికి డప్పు వాయించే మణికట్టును జోడించాడు. 1961లో బాల్బోవాలోని రెండెవూ బాల్‌రూమ్‌లో అతని వాయిద్యానికి జనం విరగబడ్డారు. మన వీణ మీద తానం వినడం అలవాటున్న చెవికి ఇది కొత్త కాదు, అక్కడా మీటే లయ అవుతుంది. డేల్ చేతిలో వేగం పెరిగి, ఆ లయ గరుకుగా, దట్టంగా వినిపిస్తుంది.

1962లో అతను విడుదల చేసిన 'మిసర్లూ' దీనికి మంచి ఉదాహరణ. అది తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత బాణీ, న్యూయార్క్‌లో ఒక గ్రీకు గాయకుడు 1927లోనే రికార్డు చేశాడు. డేల్ దాన్ని మంద్రంగా మోగే లావు తీగ మీద మొదలుపెట్టి ఉరుకులు పెట్టించాడు. ఆ తీగనే షడ్జమం అనుకుని వింటే శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం వరసగా తగులుతాయి. సంగీతం పంతులు తెలుగింటి పిల్లలకు సరళీ స్వరాలు మొదలుపెట్టే మాయామాళవగౌళ స్వరాలే ఇవి. అలాగని డేల్ ఆ రాగం వాయించాడనడం తప్పు. రాగానికి గమకం, సంచారం, నడక ఉండాలి, అవేవీ ఇక్కడ లేవు. స్వరాల మెట్లు మాత్రం ఒకటే. రిషభానికీ గాంధారానికీ మధ్య ఉన్న ఆ పెద్ద ఎడం మనకు బాగా పరిచయం కాబట్టి, కాలిఫోర్నియాలో మోగిన బాణీ అయినా తెలుగు చెవికి పరాయిగా తోచదు.

చెయ్యి ఒక్కటే చాలలేదు. జనంతో కిక్కిరిసిన నాట్యశాలలో, అంతమంది అడుగుల చప్పుడు మీదుగా మంద్రస్వరాలు గుండెకు తగలాలని వాయిస్తే అప్పటి ఆంప్లిఫయర్లు, స్పీకర్లు ఆ దెబ్బకు కాలిపోయేవి. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ వాటిని మళ్లీ మళ్లీ మార్చి కట్టాడు, చివరికి రెండు 15 అంగుళాల స్పీకర్ల డ్యూయల్ షోమన్ తయారైంది. వాయించేవాడు పాడుచేయడం, కట్టేవాడు ఇంకా గట్టిగా కట్టడం: సంగీత చరిత్రలో ఇంత సూటిగా సాగిన సంభాషణలు అరుదు.

ఇక రివర్బ్, అంటే స్వరానికి ప్రతిధ్వని జోడించే పరికరం. దాని పెట్టె మూత తీసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రేకు తొట్టిలో వదులుగా వేలాడదీసిన సన్నని స్ప్రింగులు, అంతే. గిటార్ నుంచి వచ్చిన విద్యుత్ సంకేతం ఒక చివర స్ప్రింగును కదిలిస్తుంది. ఆ కదలిక రెండో చివరికి చేరి, కొంత వెనక్కి తిరిగి, మళ్లీ వస్తుంది. వేర్వేరు స్థాయుల ధ్వనులు ఆ చుట్టల్లో వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తాయి కాబట్టి, ఒక్క మీటు చెదిరి, నీటి చుక్క బావిలో పడ్డట్టు తడితడిగా తిరిగొస్తుంది. పెట్టెను గట్టిగా తడితే స్ప్రింగులు ఒకదానికొకటి కొట్టుకుని ఉరిమినట్టవుతుంది. ఇళ్లలో వాడే ఆర్గన్‌కు చర్చి ప్రతిధ్వని తేవడానికి హామండ్ సంస్థ వాడిన ఉపాయాన్ని ఫెండర్ 1961లో విడి పెట్టెగా అమ్మకానికి తెచ్చాడు. డేల్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం, అతను దాన్ని కోరింది గిటార్ కోసం కాదు, తన గొంతు కోసం. పాడేటప్పుడు స్వరం నిలవడం లేదన్నది అతని బాధ.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. డేల్ తొలి సర్ఫ్ రికార్డు, 1961 నాటి 'లెట్స్ గో ట్రిప్పిన్'లో రివర్బ్ లేనే లేదు, మరి తడి నాదమే సర్ఫ్ గుర్తు ఎలా అవుతుందని. అభ్యంతరం సబబైనదే. నా వాదనకు అది బలమే ఇస్తోంది. చెయ్యి ముందు వచ్చింది, స్ప్రింగులు తర్వాత వచ్చాయి. రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు. చెయ్యి స్వరాల మధ్య ఖాళీని దెబ్బలతో నింపింది, స్ప్రింగు అదే ఖాళీని నీడలతో నింపింది.

రెండో అభ్యంతరం పెద్దది. ఇదంతా సముద్రం గురించే కదా, పేర్లే చెబుతున్నాయి కదా అంటారు. శాంటా ఆనా హైస్కూలు కుర్రాళ్ల బృందం ది షాన్‌టేస్‌కు 1963లో పేరు తెచ్చిన 'పైప్‌లైన్' సంగతి చూడండి. హవాయిలో గొట్టంలా చుట్టుకుని విరిగే అల పేరది. కానీ బాణీ కట్టినప్పుడు పెట్టుకున్న పేరు అది కాదు. సర్ఫింగ్ సినిమా ఒకటి చూశాక మార్చారు. అంటే ముందు నాదం, తర్వాత సముద్రం. 'బాహా' వాయించిన ది ఆస్ట్రోనాట్స్ కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ వాళ్లు, కొండల ఊరు, చుట్టుపక్కల ఎక్కడా కడలి లేదు. అలాగని సముద్రం పేరు ఉత్త వ్యాపారపు ఎత్తు అని కొట్టిపారేయలేం. 'పైప్‌లైన్' మొదట్లో లావు తీగ మీద పైనుంచి కిందికి జారే ఆ ఒక్క గీత వింటే చాలు. లేచి, విరిగి, నురగ మిగిల్చి వెనక్కి పోయే అల తీరూ, తరిగిపోతూ నిలవాలని చూసే నాదం తీరూ ఒకటే. పేరు తర్వాత అతికించినదైనా చక్కగా అతికింది.

సర్ఫ్ బాణీలన్నీ ఒకేలా ఉంటాయన్న ఫిర్యాదును కొంతవరకు ఒప్పుకోవాలి. 1963లో వచ్చిన రికార్డుల్లో చాలావాటిని వేరుచేసి గుర్తుపట్టడం కష్టం. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికాలో దిగాక పాడే బృందాలదే రాజ్యమైంది, మాటల్లేని గిటార్ వెనకబడింది. పాత రోజుల మీద మమకారమే దీన్ని బతికించిందనడం మాత్రం నిలవదు. 1994లో 'పల్ప్ ఫిక్షన్' సినిమా 'మిసర్లూ'తో మొదలైనప్పుడు హాళ్లలో కూర్చున్న కుర్రకారు 1962 నాటికి పుట్టనే లేదు, వాళ్లకు తలుచుకోవడానికి ఏ వేసవీ లేదు. అంతకుముందే జపాన్‌లో ది వెంచర్స్ బృందం ప్రభావంతో 'ఎలెకి' పేరిట ఎలక్ట్రిక్ గిటార్ మోజు చెలరేగింది. తకేషి తెరాఉచి అక్కడి త్సుగారు షామిసెన్ బాణీలను ఎలక్ట్రిక్ గిటార్ మీదికి తెచ్చాడు. షామిసెన్ కూడా మీటగానే ఆరిపోయే తీగవాద్యమే. ఊద్ నుంచి డేల్ వచ్చినట్టే షామిసెన్ నుంచి తెరాఉచి వచ్చాడు. తీగను మీటి బాధపడ్డ ప్రతి సంప్రదాయానికీ ఈ ఎలక్ట్రిక్ గిటార్ వెంటనే అర్థమైంది.

అదే బాధకు మన పశ్చిమ గోదావరి జిల్లా కుర్రాడి చేతిలో పూర్తిగా వేరే జవాబు దొరికింది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతికి వచ్చింది పాశ్చాత్య వాద్యం, జంటలు జంటలుగా ఎనిమిది తీగలు, పొట్టి నాదం. గమకం పలకాలంటే మీటిన స్వరం కాసేపు నిలవాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగలు ఉంచుకున్నాడు. డేల్ ఆంప్లిఫయర్‌ను మరిన్ని దెబ్బలు మోయడానికి వాడుకుంటే, శ్రీనివాస్ దాన్ని దెబ్బలు తగ్గించడానికి వాడుకున్నాడు. ఒక్కసారి మీటి, ఎడమచేతి వేలితో తీగ మీద జారుతూ, నాదం ఆరేలోపు రెండు మూడు స్వరాలను దానిలోంచే పలికించాడు.