ఊరి పేరు లేని ఫొటోలు

పడిపోయిన పంటల ధరలను నిలబెట్టడానికి 1933లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. సాగు తగ్గించుకున్న రైతుకు డబ్బిచ్చేవారు. మరి ఎవరు ఎంత తగ్గించారో తేల్చేదెలా? గొలుసులు పట్టుకుని పొలం పొలమూ కొలవడం తెమిలే పని కాదు. అందుకని ఆ దశాబ్దం మధ్య నుంచి విమానాలు పంపి, పై నుంచి ఫొటోలు తీయించారు. అవసరం తీరాక వాటి ప్రతులు చాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోని పటాల విభాగాలకు చేరాయి.

అక్కడికి వెళ్లి ఫలానా ఊరి ఫొటో కావాలంటే దొరకదు. ఫొటో మీద ఊరి పేరే ఉండదు. అంచున తేదీ, కౌంటీని (మన జిల్లా లాంటిది) సూచించే రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఫిల్ము చుట్ట సంఖ్య, ఫ్రేమ్ సంఖ్య మాత్రమే ఉంటాయి. కాబట్టి ముందు అడగాల్సింది ఇండెక్స్ షీటు. ఒక కౌంటీ ఫొటోలన్నిటినీ అంచుల మీది సంఖ్యలు కనిపించేలా వరసగా పేర్చి, ఆ మొత్తాన్ని మళ్లీ ఫొటో తీసి తయారుచేసిందే ఈ షీటు. ఏటి వంపునో రైలు కట్టనో ఆనవాలుగా పట్టుకుని మనకు కావలసిన చోటు గుర్తించి, అక్కడి సంఖ్య రాసుకోవాలి.

ఒకటి కాదు, పక్కపక్క ఫ్రేములు రెండు అడగడం మంచిది. విమానం సాగుతుండగా ఒక్కో ఫొటో దాని ముందుదానితో సుమారు 60 శాతం కలిసేలా తీసేవారు. అంటే ఒకే చోటు రెండు కోణాల్లో దొరుకుతుంది. ఆ జంటను స్టీరియోస్కోప్ కింద పెట్టి చూస్తే గట్లు, చెట్లు, ఇంటి కప్పులు కాగితం మీంచి పైకి లేస్తాయి. ఒంటి ఫొటో చూసేటప్పుడు మాత్రం నీడలు మనవైపు పడేలా తిప్పి పట్టుకోవాలి. లేకపోతే గుట్ట గుంటలా కనిపిస్తుంది.

స్కేలు లెక్క తేలికే. లెన్సు నాభ్యంతరాన్ని నేల నుంచి విమానం ఎత్తుతో భాగిస్తే చాలు. 8.25 అంగుళాల లెన్సుతో 13,750 అడుగుల ఎత్తు నుంచి తీస్తే 1:20,000 వస్తుంది. అంటే ఫొటోలో ఒక సెంటీమీటరుకు నేల మీద 200 మీటర్లు.

పటం గీసేవాడు తనకు ముఖ్యమనిపించింది గీస్తాడు. కెమెరా కంటబడ్డదంతా పట్టేస్తుంది. గడ్డివామి, కాలిబాట, పూడిపోయిన చెరువు, ఇప్పుడు ఇళ్లున్న చోట ఒకప్పటి చమురు ట్యాంకు గుండ్రటి నీడ, అన్నీ అందులో ఉంటాయి. అందుకే అమెరికాలో స్థలం కొనేముందు ఆ నేల కలుషితమైందేమో తెలుసుకోవడానికి ఈ ఫొటోలు తిరగేస్తారు. జర్మనీలో పునాదులు తవ్వబోయే ముందు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిత్రపక్షాల విమానాలు తీసిన ఫొటోలలో పేలని బాంబుల ఆనవాళ్లు వెతుకుతారు. పేలిన బాంబు పెద్ద గొయ్యి చేస్తుంది. పేలనిది చిన్న రంధ్రం మాత్రమే వదులుతుంది.

కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇలాంటి ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. ఆ గ్రంథాలయపు ఫ్రేమ్‌ఫైండర్ అనే ఆన్‌లైన్ సాధనంలో పటం మీద చుక్క నొక్కితే ఫొటో వివరాలు వస్తాయి. ఎంత స్కాన్ చేసినా ఫొటో ఏ చోటిదో తెలిస్తేనే ఇలా చుక్క పెట్టగలం. పాత ఫొటోలు దాచే ప్రతి గ్రంథాలయమూ ముందుగా కాపాడుకోవాల్సింది ఇండెక్స్ షీట్లనే. అవి పోతే, మిగిలిన ఒక్కో ఫ్రేమునూ ఏటి వంపులతో, దారి మలుపులతో పోల్చుకుంటూ చోటు పట్టుకోవాలి.